డిప్రెషన్ సరే, ఏ డిప్రెషన్?

సంపాదకులకు,
నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో డిప్రెషన్ మీద ఈమధ్య ఒక పేజీ వేశారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, చివర్లో కూడుకోవడానికి ఒక గడి. ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చుకున్న ఒక పెద్దమనిషి నా కౌంటర్ మీద పరిచి, "నాకు పద్నాలుగు వచ్చాయండీ, దీనికే బిళ్ళ ఇస్తారు?" అని అడిగాడు. నేను రేపల్లెలో మందుల షాపు నడుపుతాను. ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. చీటీ లేకుండా ఆ మందులు ఇవ్వకూడదని చెప్పి, కాసేపు కూర్చోబెట్టి మాట్లాడి, గుంటూరు వెళ్ళి చూపించుకోమని పంపాను. ఆయన వెళ్ళాక ఆ పేజీ మళ్ళీ చదివాను. రాసిన డాక్టరుగారు తప్పేం రాయలేదు. కానీ చదివినవాళ్ళకు డిప్రెషన్ అంటే ఒకటే జబ్బు, దానికి ఒకటే బిళ్ళ అనిపించేలా ఉంది. నా పేచీ అక్కడే.

ఆ తొమ్మిది ప్రశ్నల పట్టిక మంచిదే. 2001లో అమెరికాలో అచ్చయింది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. మొత్తం 27 మార్కులు. 5 నుంచి స్వల్పం, 10 నుంచి ఓ మోస్తరు, 20 నుంచి తీవ్రం. గడిచిన రెండు వారాల్లో మనిషి ఎంత కుంగాడో అది చెబుతుంది. ఎందుకు కుంగాడో, ఏ రకంగా కుంగాడో చెప్పదు. థైరాయిడ్ పనితీరు తగ్గిన ఆవిడకూ పద్నాలుగు రావచ్చు, రోజూ క్వార్టర్ తాగేవాడికీ రావచ్చు, నెల క్రితం భర్త పోయిన ఆవిడకూ రావచ్చు. ముగ్గురి వైద్యమూ వేరు. జ్వరం అంటే మలేరియానా, టైఫాయిడా, డెంగీనా అని ల్యాబుకు పరిగెత్తుతాం. డిప్రెషన్ అనగానే ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఇంతవరకూ లేదు మరి. ఇక్కడ పరీక్షంటే అడగడమూ, ఓపిగ్గా వినడమూ.

అసలు డిప్రెషన్ అని డాక్టర్లు దేన్నంటారో ముందు చెబుతాను. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే డీఎస్ఎం అనే పుస్తకం ప్రకారం తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు, రెండు వారాల పాటు, దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. ఆ అయిదిట్లో దిగులుగానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగానీ తప్పకుండా ఉండాలి. మిగతావి ఆకలి, నిద్ర, నీరసం, ఒళ్ళు మందగించడమో కుదురు లేకపోవడమో, నేనెందుకూ పనికిరాననుకోవడం, మనసు నిలవకపోవడం, చావు ఆలోచనలు. ఇంతవరకూ మీ పేజీలో ఉంది. దీనికింద చిన్న అక్షరాల్లో ఇంకొన్ని షరతులుంటాయి, వాటిలో ముఖ్యమైన మూడు మీ పేజీలో లేవు. పని, సంసారం దెబ్బతిని ఉండాలన్నది ఒకటి. ఇంకో జబ్బువల్లో, మందువల్లో, మద్యంవల్లో వచ్చింది కాకూడదన్నది ఇంకొకటి. ఇక మూడోది, వెనకెప్పుడూ దీనికి తిరగేసిన స్థితి, అంటే అతి హుషారు, వచ్చి ఉండకూడదు. నన్నడిగితే ఆ తొమ్మిదింటికన్నా ఈ మూడే బరువైనవి. అన్నిటికన్నా ముఖ్యం మూడోది.

దాని సంగతి చెప్పాలంటే ఒక కుర్రాడి గురించి రాయాలి. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. ఈ పక్క పల్లెలో రొయ్యల చెరువులు చేసేవాడు. ఒక పంటలో వైరస్ పడింది, పెట్టుబడంతా పోయింది. ఆ తర్వాత మనిషి మంచం దిగలేదు. గడ్డం గీసుకోడు, ఫోనెత్తడు, అన్నం ముందు పెడితే కెలికి లేస్తాడు. నష్టం వచ్చింది, దిగులు పడ్డాడు, లెక్క సరిపోయింది అనుకున్నారందరూ. ఎక్కడో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే డిప్రెషన్ అని మందు రాశారు. ఆ చీటీ నా దగ్గరికే వచ్చింది. రోజుకో బిళ్ళ, నెలకు సరిపడా.

నెల తిరక్కుండానే కుర్రాడు తనే బండి మీద వచ్చాడు. నలుగురికి టీలు చెప్పించాడు, పక్కనున్న ముసలాయన మందుల బిల్లు తనే కట్టాడు, మాట అందుకోవడానికి సందివ్వడం లేదు. ఇంకో రెండు చెరువులు లీజుకు మాట్లాడానన్నాడు. వాళ్ళమ్మ ముఖం వెలిగిపోతోంది. "మందు భలే పట్టింది అన్నయ్యా, మనిషి లేచి తిరుగుతున్నాడు" అంది. నిద్రెన్ని గంటలు పోతున్నాడమ్మా అనడిగాను. "రెండు గంటలు పోతే గొప్ప. అయినా అలుపే లేదు." ఇంతకుముందెప్పుడైనా ఇలా ఉన్నాడా? ఆవిడ కాసేపాలోచించి చెప్పింది. పోయిన ఎలక్షన్లప్పుడు రాత్రీ పగలూ తిరిగాడట, జేబులో లేని డబ్బు ఖర్చు పెట్టాడట, పది రోజులకు వాడే చల్లబడ్డాడట. ఎలక్షన్లు కదా, ఊళ్ళో సగంమంది అలాగే తిరిగారు, ఎవరికీ తేడా కనిపించలేదు. ఆ సాయంత్రమే డాక్టరుకు ఫోన్ చేయించాను. తర్వాత గుంటూరులో సైకియాట్రిస్టు చూసి బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్ళు కుంగిపోయి, కొన్నాళ్ళు అతి హుషారుగా ఉండే జబ్బు. ఆ బిళ్ళ ఆపించి లిథియం మొదలుపెట్టారు.

బైపోలార్ మనిషి కుంగినప్పుడు పైకి చూస్తే మామూలు డిప్రెషన్‌కూ దానికీ తేడా కనపడదు. తొమ్మిదికి తొమ్మిది ప్రశ్నలకూ అదే జవాబు చెబుతాడు. చాలామందికి జబ్బు మొదలయ్యేదే దిగులుతో, హుషారు తర్వాతెప్పుడో వస్తుంది. ఆ మనిషికి డిప్రెషన్ బిళ్ళ ఒక్కటే ఇస్తే కొందరిలో మనసు ఉన్నట్టుండి అవతలి కొసకు ఎగురుతుంది. నిద్ర అక్కర్లేకపోవడం, మాటల వరద, పెద్ద పెద్ద పథకాలు, చేతికి ఎముక లేని ఖర్చు ఒక వారం పాటుంటే మేనియా అంటారు. అంత ముదరకుండా నాలుగు రోజులున్నా లెక్కలోకి వస్తుంది, దాన్ని హైపోమేనియా అంటారు. చిక్కంతా ఈ రెండోదానితోనే. అది వచ్చినప్పుడు మనిషి బాధపడడు, ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? తర్వాత కుంగినప్పుడు ఆ రోజులు అతనికే గుర్తుండవు. గుర్తుండేది అమ్మకో, పెళ్ళానికో, చెరువు మీద పనిచేసే కుర్రాళ్ళకో. అందుకని, నిద్ర లేకుండా అతి హుషారుగా తిరిగిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా, మేనమామకో తాతకో అలాంటిది ఉండేదా అనే ప్రశ్న డిప్రెషన్ మందు రాయకముందే అడగాలి, అదీ తోడొచ్చినవాళ్ళను అడగాలి. అరనిమిషం పట్టే ప్రశ్న.

లిథియం గురించి షాపు వాడిగా ఇంకో మాట. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు మేనియాకు ఇది పనిచేస్తుందని రాశాడు. చవకైన మందు, ఇప్పటికీ దీనికి సాటొచ్చేవి తక్కువ. కాకపోతే పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా సన్నం. అందుకే రక్తంలో దాని స్థాయి చూసుకుంటూ ఉండాలి, కిడ్నీలు, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. ఆ పరీక్ష చిన్న ఊళ్ళలో దొరకదు, శాంపిల్ బయటికి పంపుతారు. అది అలా ఉంచండి. లిథియం వాడే మనిషి మోకాళ్ళ నొప్పని వచ్చి డైక్లోఫెనాక్ అడుగుతాడు. అడగ్గానే ఇచ్చే షాపులు ఎన్నో ఉన్నాయి. ఆ నొప్పి బిళ్ళ వల్ల ఒంట్లో లిథియం పేరుకుంటుంది. బీపీకి వాడే కొన్ని నీళ్ళ బిళ్ళలతోనూ అంతే. మే నెల ఎండలో చెమటలు కారి, విరేచనాలు పట్టుకొని ఒంట్లో నీళ్ళు తగ్గినా, బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా అంతే. చేతులు వణకడం, వాంతులు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తాగొచ్చాడనుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇక రెండో షరతు, అంటే ఒంట్లో ఇంకేదో జబ్బు ఉండి మనసు కుంగడం. ఇది నా కౌంటర్ దగ్గర రోజూ కనిపించేదే. ఒక టీచరమ్మ నెలల తరబడి డిప్రెషన్ మందు తీసుకెళ్ళేది. ఏం మార్పు లేదు. బరువు పెరిగింది, జుట్టు ఊడుతోంది, అందరికీ ఉక్కపోస్తుంటే ఆవిడ శాలువా కప్పుకునేది. తర్వాత చూసిన డాక్టరు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చేయించారు. హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ పనితీరు తగ్గింది. పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాక్సిన్‌తో మనిషి నెమ్మదిగా తేరుకుంది. బీ12 తక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాంటి నీరసం, దిగులు రావచ్చు. పక్షవాతం వచ్చినవాళ్ళలో, పార్కిన్సన్స్‌లో, ఏళ్ళ తరబడి షుగరున్నవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువ. మందులూ కారణం కావచ్చు. ఆస్తమాకో కీళ్ళకో వాడే స్టెరాయిడ్లు మనసును పైకీ ఎగరేస్తాయి, కిందకీ తోస్తాయి. మొండి టీబీకి వాడే సైక్లోసెరిన్ మీద ఈ హెచ్చరిక ఎప్పట్నుంచో ఉంది.

మందులకూ మనసుకూ ఉన్న ఈ చుట్టరికం పాతదే. మన సర్పగంధ వేరులోంచి తీసిన రిసర్పిన్ 1950లలో బీపీకి గొప్ప మందు. వాడినవాళ్ళలో కొందరు కుంగిపోయారని అప్పట్లో రాశారు. తర్వాత లెక్కలు తిరగేసినవాళ్ళు ఆ నింద పూర్తిగా నిజం కాదన్నారు. అదే దశకంలో అమెరికాలో టీబీకి ఇప్రోనియాజిడ్ ఇస్తే రోగులకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. డిప్రెషన్‌కు మొదటి మందుల్లో ఒకటి అలా దొరికింది. ఇదంతా కాలేజీలో చదువుకున్నప్పటి ముచ్చట, చెప్పకుండా ఉండలేకపోయాను.

మద్యం సంగతి తొందరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే కాబట్టి. దిగులుగా ఉందని తాగుతున్నానంటాడు, తాగడంవల్లే దిగులంటుంది భార్య. ఇద్దరి మాటా నిజం కావచ్చు. తేల్చుకోవాలంటే పూర్తిగా మానేశాక సుమారు నెల రోజులు చూడాలి. చాలామందికి ఆ నెలలో దిగులు దానంతటదే తేలికపడుతుంది. అప్పటికీ తగ్గకపోతే అది వేరే డిప్రెషన్, దాని మందు దానికి కావాలి. అయితే ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఇంట్లో కూర్చొని ఒక్కరోజులో మానకూడదు. ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తుండగా మానాలి.

పక్కింటావిడ వాడేసిన ఖాళీ స్ట్రిప్ తెచ్చి "ఇదే ఇవ్వండి, ఆవిడకు డిప్రెషన్ తగ్గింది" అనేవాళ్ళ సంగతి కూడా రాయాలి. ఆ స్ట్రిప్ చూసి ఎవరికి ఏ జబ్బో నేనే చెప్పలేను. ఎమిట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాములది మైగ్రేన్‌కూ, నరాల నొప్పులకూ రాస్తారు. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లు. డ్యులోక్సిటిన్‌ను షుగర్ మంటలకు రాస్తారు. పక్కింటావిడకు అసలు డిప్రెషనే ఉండకపోవచ్చు. ఇంటర్నెట్‌లో మందు పేరు కొట్టి చూసుకొని, నన్ను పిచ్చివాడి కింద కట్టారని డాక్టరు మీద కోపంతో మందు మానేసినవాళ్ళనూ చూశాను.

దుఃఖం విషయం కాస్త నాజూకైనది. మా వీధిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు పోయారు. రెండో నెలలోనే కొడుకులు వచ్చి "అమ్మ రోజూ ఏడుస్తోంది అంకుల్, డిప్రెషన్ మందు కావాలి" అన్నారు. ఆవిణ్ణి నాకు బాగా తెలుసు. ఆయన కళ్ళజోడు కనిపిస్తే ఏడుస్తుంది. మనవరాలు వచ్చి ఒళ్ళో కూర్చుంటే నవ్వుతుంది. ఎవరైనా ఆయన పాఠం చెప్పే తీరు గుర్తుచేస్తే గర్వంగా వింటుంది. అలలుగా వచ్చి పోయే దుఃఖం అది. తనను తాను తిట్టుకోవడం లేదు, బతుకు మీద విరక్తి మాట రావడం లేదు. డిప్రెషన్‌లో ఆ నవ్వు రాదు, మనవరాలు వచ్చినా రాదు. మనిషి పోయినందుకు ఏడవడం పోయి, నేనే దుర్మార్గురాలిని అనడం మొదలవుతుంది. దీనిమీద పెద్ద డాక్టర్లలోనే వాదం నడిచింది. డీఎస్ఎంలో అంతకుముందు, దగ్గరివాళ్ళు పోయిన రెండు నెలల్లోపు మామూలుగా డిప్రెషన్ అనవద్దని ఉండేది. 2013లో వచ్చిన అయిదో కూర్పులో ఆ మినహాయింపు తీసేశారు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు నిజంగా డిప్రెషన్ వస్తే వైద్యం అందకుండా పోతుందని ఒకరి వాదన, ఏడుపును జబ్బు చేస్తున్నారని ఇంకొకరి వాదన. 2022 కూర్పులో, ఏడాది దాటినా మనిషిని కదలనివ్వని దుఃఖానికి వేరే పేరుతో చోటిచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ గడువు ఆరు నెలలు. మనవాళ్ళు ఏటిసూతకమని ఏడాది ఎందుకు పెట్టుకున్నారో నాకు తెలియదుగానీ, కొడుకులకు మాత్రం మందు ఇవ్వలేదు. రెండేసి వారాలు వంతులేసుకొని అమ్మ దగ్గర ఉండమన్నాను. ఆవిడకు రోజులు గడిచినకొద్దీ తిండి తగ్గితే, చావు మాట వస్తే ఆలస్యం చెయ్యొద్దన్నాను.

దీనికి పూర్తిగా అవతలి చివర ఉన్న మనిషిని కూడా చూశాను. పైరు బాగుంది, పిల్లలు స్థిరపడ్డారు, డెబ్బై దాటిన రైతు. "నా పాపం వల్ల ఇల్లు నాశనమైపోతోంది, పోలీసులు వస్తున్నారు" అనేవాడు. "పేగులు కుళ్ళిపోయాయి, తింటే ఎక్కడికి పోతుంది?" అని తిండి మానేశాడు. ఇంట్లోవాళ్ళు పొట్ట డాక్టరుకు చూపించారు, ఎండోస్కోపీ చేయించారు, ఏమీ లేదన్నారు. తర్వాత ఎవరో చేతబడన్నారు. ఇదీ డిప్రెషనే, భ్రమలతో కూడిన తీవ్ర రూపం. మాటలతో ధైర్యం చెబితే పోదు, ఒట్టి డిప్రెషన్ బిళ్ళ కూడా చాలదు. భ్రమలకు మందు జత చేయాలి, తిండీ నీళ్ళూ మానేసిన దశలో కరెంటు ట్రీట్‌మెంటు త్వరగా పనిచేస్తుంది. సినిమాల పుణ్యమా అని దాని పేరెత్తితే జనం హడలిపోతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా అది చేయడం నిషేధం. ఆయన తేరుకుని ఇప్పుడు పొలం వెళ్తున్నాడు.

గుర్తుపట్టడం అన్నిటికన్నా కష్టమైనది ఇంకోటుంది. అది పెద్దగా కనిపించదు. మందకొడిగా ఏళ్ళకేళ్ళు సాగుతుంది. పెద్దవాళ్ళలో రెండేళ్ళు, పిల్లల్లో ఏడాది, మధ్యలో రెండు నెలలైనా తెరిపి లేకుండా ఉంటే దాన్ని పర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్ అంటున్నారు, పాతవాళ్ళు డిస్థైమియా అంటారు. ఆఫీసుకు వెళ్తాడు, పని చేస్తాడు, ఇంటికొచ్చి ఒక మూల కూర్చుంటాడు. వాడి స్వభావమే అంత అని ఊరు తీర్మానించేస్తుంది. తనూ అదే నమ్ముతాడు. కాలేజీ రోజుల్లో ఇలాగే ఉండేవాడా అని పాత స్నేహితుణ్ణి అడిగితే తేలిపోతుంది.

బాలింతల గురించి ఆడవాళ్ళు రాస్తే ఇంకా బాగా రాస్తారు. నాకు తెలిసింది ఇంతే. కాన్పయిన మూడో నాలుగో రోజు నుంచి ఊరికే కళ్ళనీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు పోతుంది. పోకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోతే అది డిప్రెషన్. దీనికి ఎడిన్‌బరోలో 1987లో తయారైన పది ప్రశ్నల పట్టిక ఉంది. పురిటికి పుట్టింటికొచ్చిన పిల్లను పలకరించే ఆశా కార్యకర్త చేత అడిగించవచ్చు. మూడో రకం అరుదు, వెయ్యి కాన్పుల్లో ఒకటో రెండో. మొదటి రెండు మూడు వారాల్లోనే పొంతన లేని మాటలు, లేని గొంతులు వినిపించడం, బిడ్డ మీద వింత అనుమానాలు వస్తాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించేది ఇక్కడే. ఇది ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన జబ్బు. చాలాసార్లు దీని వెనక బైపోలారే ఉంటుంది.

ఇంకొన్ని రకాలున్నాయి. నెలసరికి వారం ముందు వచ్చి, మొదలైన కొన్ని రోజుల్లో పోయేది ఒకటి. దాన్ని తేల్చడానికి కనీసం రెండు నెలలు రోజువారీ రాసుకోవాలి. పదిహేనేళ్ళ కుర్రాడిలో దిగులుకు బదులు చిరాకు, కోపం కనిపిస్తాయి, ఇంటర్ మార్కుల గోలలో ఎవరికీ పట్టదు. చలికాలంలో మాత్రమే వచ్చే రకం మన ఎండలకు కనపడేది తక్కువ. మా చుట్టాలమ్మాయి షికాగోలో ఉంటుంది, ఏటా నవంబరు రాగానే నిద్రా తిండీ పెరిగి మనిషి ముడుచుకుపోయేది. అక్కడి డాక్టరు పొద్దున్నే అరగంట పదివేల లక్స్ వెలుగునిచ్చే దీపం ముందు కూర్చోమన్నారు. మన ఊళ్ళో ఎండ తగ్గక ఏడుస్తుంటే అక్కడ ఎండను కొనుక్కుంటున్నారని వాళ్ళ నాన్న నవ్వాడు.

నిద్ర బిళ్ళల సంగతి రాయకపోతే నా వృత్తికి అన్యాయం. డిప్రెషన్‌లో ఒక రకానికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, పొద్దుటిపూట దిగులు ఎక్కువగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడడం ముఖ్యమైన గుర్తులు. ఆ మనిషి అల్ప్రాజొలామ్ వేసుకుంటే నిద్ర వస్తుంది, గుర్తు చెరిగిపోతుంది, జబ్బు మిగులుతుంది. తర్వాత బిళ్ళ లేకపోతే నిద్రే రాదు. 2014 నుంచి దీన్ని హెచ్1 జాబితాలో అమ్మాలి. చీటీ చూడాలి, రిజిస్టర్లో డాక్టరు పేరు, రోగి పేరు రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి. ఇది పాటించే మేము జనం చేత తిట్లు తింటున్నాం. పాటించని షాపుల దగ్గర రద్దీ ఎక్కువ. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఈ ఉత్తరం చదవాలని నా కోరిక.

మా పేదవాళ్ళకు ఇంత తీరిగ్గా వినే డాక్టరెక్కడ అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ప్రభుత్వాస్పత్రి ఓపీలో ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలు. కాబట్టి ఆ నిమిషాలను ఇంట్లోవాళ్ళే నింపాలి. ఎప్పుడు మొదలైంది, వెనక ఎప్పుడైనా వచ్చిందా, అతి హుషారు రోజులున్నాయా, ఇప్పుడు వాడే మందులన్నీ ఏమిటి, తాగుడుందా, వంశంలో ఎవరికైనా ఉందా అనేవి ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. మందుల స్ట్రిప్పులన్నీ సంచీలో వేసుకెళ్ళండి, ఆయుర్వేదం పొట్లాలతో సహా. మనిషిని బాగా ఎరిగినవాళ్ళొకరు వెంట వెళ్ళండి. చావాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి. నెమ్మదిగా సూటిగా అడగవచ్చు. ఉందంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ప్రభుత్వానికి ఒక మాట. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఇరవైమందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుందని తేలింది. ఆ జబ్బున్నవాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా వైద్యం అందడం లేదు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన లెక్క ఆ సర్వేలో లేనే లేదు. జిల్లా ఆస్పత్రుల్లో లిథియం పరీక్ష పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అది పెడితే మా దగ్గర నుంచి రైలెక్కి వెళ్ళేవాళ్ళు నలుగురైనా మందు మానకుండా ఉంటారు.

మీకు విన్నపం. మార్కుల పట్టిక మళ్ళీ వేసినప్పుడు దాని కిందే ఇంకో మూడు ప్రశ్నలు వేయండి: అతి హుషారు రోజుల గురించి, థైరాయిడ్ పరీక్ష గురించి, వాడుతున్న మందులూ మద్యం గురించి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా వేయండి. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది, డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆత్మహత్య వార్త వేసిన ప్రతిసారీ ఆ నంబరు దాని పక్కనే ఉండేట్టు చూడండి.

ఉత్తరం పొడవైందని తెలుసు. కత్తిరించక తప్పకపోతే సర్పగంధ పేరా, షికాగో అమ్మాయి ముచ్చట తీసేయండి. డైక్లోఫెనాక్, లిథియం గురించిన వాక్యాలు మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు, ఒక ఫార్మసిస్టు
రేపల్లె, బాపట్ల జిల్లా